తొట్టిలో నిలబడిన సెనెకా: ఆంట్వెర్ప్‌లో కొన్న ఒక పాత రాగిరేకు ముద్ర

గత శీతాకాలంలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో పాత పుస్తకాలు, పటాలు అమ్మే ఒక దుకాణంలో నేనొక రాగిరేకు ముద్రను, అంటే రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చుతీసిన బొమ్మను, కొన్నాను. రోమన్ తత్వవేత్త సెనెకా ప్రాణం విడిచే ఘడియను చూపే బొమ్మ అది. ఆంట్వెర్ప్ చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ ఇచ్చిన చిత్రాన్ని ఆధారంగా చేసుకుని కోర్నెలిస్ గాలె చెక్కిన ఈ రేకును, అదే నగరంలోని ప్లాంటిన్ ముద్రణాలయం 1615లో వెలువరించిన సెనెకా రచనల సంపుటం కోసం తయారుచేశారు. అప్పటినుంచి ఆ ముద్ర నా గదిలోనే ఉంది, దాన్ని దాదాపు ప్రతిరోజూ చూస్తూనే ఉన్నాను. ఉద్యోగాల కోసం బెల్జియం, నెదర్లాండ్స్ వైపు వచ్చి, సెలవు రోజుల్లో ఇక్కడి పాత వస్తువుల బజార్లు తిరిగే మనవాళ్లు కొందరు ఇలాంటివి కొనవచ్చా, కొనేటప్పుడు ఏం చూడాలి అని అడుగుతున్నందువల్ల, నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బొమ్మ అపురూపమైనది, పెట్టిన డబ్బుకు పూర్తిగా తగినది. కానీ అమ్మినవారు దాని గురించి చెప్పిన మాటల్లో సగం నిలిచేవి కావు, ఆ సంగతి కొన్న తర్వాతగానీ నాకు తెలియలేదు.

మొదట వస్తువు సంగతి చూద్దాం. ఇది పెద్ద సంపుటం నుంచి వచ్చిన విడి పత్రం, ఎత్తు అడుగుకు మించి ఉంటుంది. చేతితో తయారుచేసిన కాగితం కాబట్టి కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే దాని ఒంట్లో దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటిని దూరం దూరంగా ఖండిస్తూ నిలువు గీతలు కనిపిస్తాయి. కాగితపు గుజ్జును వడకట్టిన తీగల చట్రం విడిచిపెట్టిన ఆనవాళ్లవి. నాలుగు వందల ఏళ్లకు దగ్గరపడినా కాగితం పెళుసెక్కలేదు. పాత గుడ్డపీలికలతో చేసిన కాగితానికి ఉండే గుణం అది. వందేళ్ల క్రితపు మన తెలుగు పుస్తకాల పేజీలు వేలు తగిలితే పొడిపొడిగా రాలిపోతుంటే, ఇది మాత్రం ఉతికిన నేతబట్టలా మెత్తగా వంగుతోంది. కింది మూలన రెండు మూడు గోధుమరంగు చుక్కలున్నాయి, పైఅంచు కాస్త నలిగింది. బొమ్మ చుట్టూ మూడు వైపుల కాగితం లోపలికి నొక్కుకుపోయి, బొటనవేలితో తడిమితే తగిలే ఒక సన్నని మెట్టు ఉంది. తడిపిన కాగితాన్ని సిరా నింపిన రాగిరేకు మీద పరిచి, బరువైన రోలర్ల మధ్య నడిపినప్పుడు రేకు అంచు పడిన గుర్తు అది. నాలుగో వైపు, అంటే పుస్తకం కుట్టులోకి వెళ్లవలసిన వైపు, కాగితాన్ని మరీ దగ్గరగా కోసేయడంతో ఆ మెట్టు కనిపించదు. ఈ ఒక్క లోపం వల్ల ధర కొంత తగ్గాల్సింది, నేను అడగలేదు.

రాగిరేకులు అనే మాట వినగానే మనకు తిరుమలలో దొరికిన అన్నమాచార్యుల సంకీర్తనల రేకులు గుర్తుకు వస్తాయి, రాజుల దానశాసనాలూ గుర్తుకు వస్తాయి. వాటిలో రేకే గ్రంథం. చదవవలసింది దాని మీదనే. ఇక్కడ పద్ధతి వేరు. రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడి పడుతుంది కాబట్టి, చెక్కేవాడు ఆ లెక్క మనసులో పెట్టుకుని పని చేయాలి. చేతిలో ఉండేది బ్యురిన్ అనే చతురస్రపు మొన గల ఉక్కు పనిముట్టు. దాన్ని అరచేతితో ముందుకు నెడుతూ, వంపు కావలసినప్పుడు చేతిని కాక రేకునే తోలుదిండు మీద తిప్పుతూ గీత తీయాలి. లోతుగా నెడితే గీత లావవుతుంది, తేల్చితే వెంట్రుకలా సన్నబడుతుంది. గీసిన గీతను చెరపడం కష్టం. నా దగ్గరున్న పత్రాన్ని భూతద్దంతో చూసినప్పుడు ఈ శ్రమ అర్థమైంది: సెనెకా పొట్ట దగ్గర ముడతలు పడిన చర్మం మీదుగా వెళ్లే ఒక్కొక్క గీత పక్కటెముక మీదికి ఎక్కేటప్పుడు సన్నబడి, లోయలోకి దిగేటప్పుడు లావై, మళ్లీ సన్నబడి ఎక్కడా తెగకుండా సాగుతుంది. నీడ చిక్కనైన చోట ఆ గీతల మీద ఇంకొక వరస అడ్డంగా పడింది. రంగు లేదు, ఉన్నదల్లా నల్లటి గీత, తెల్లటి కాగితం. ఆ రెంటితోనే ముసలి శరీరపు వేలాడే చర్మం, దాని కింద బిగిసిన నరం, మోకాలి చిప్ప గట్టిదనం వేరువేరుగా తెలుస్తున్నాయి.

బొమ్మలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. నడుముకు గుడ్డ చుట్టుకుని ఒక తొట్టిలో నిలబడి ఉన్నాడు. మోకాళ్లు వంగి ఉన్నాయి, నిలబడే శక్తి పోతున్నా కూలబడడానికి ఒప్పుకోని వంపు అది. ఒళ్లు ముందుకు ఒరిగింది. చేతులు మోచేతుల దగ్గర మడిచి ఉన్నాయి. చూపు పైకి లేచింది, నోరు తెరుచుకుని ఉంది. ఆ నోటి గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. బాధతో తెరిచిన నోరా, మాట కోసం తెరిచిన నోరా అన్నది మొదట తేలదు. పక్కనుంచి చూస్తే బాధ అనిపిస్తుంది. ఎదురుగా నిలబడి కళ్లతో కలిపి చూస్తే మాట్లాడుతున్నాడనే అనిపిస్తుంది. ఆ మనిషి చివరి ఘడియల గురించి మనకు అందిన వృత్తాంతం తెలిసినవారికి రెండో అర్థమే సరైనదిగా తోస్తుంది.

ఆ వృత్తాంతం రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసినది. క్రీ.శ. 65లో నీరో చక్రవర్తిని చంపడానికి పీసో అనే ప్రముఖుడి పేరు మీద జరిగిన కుట్ర బయటపడింది. నీరోకు బాల్యంలో గురువుగా, తర్వాత ఏళ్ల తరబడి సలహాదారుగా ఉన్న సెనెకా పేరు కూడా అందులోకి లాగారు. రోముకు నాలుగు మైళ్ల దూరంలో తన తోట ఇంట్లో, భార్య పాంపేయా పౌలీనాతోనూ ఇద్దరు మిత్రులతోనూ భోజనానికి కూర్చున్నప్పుడు సైనికులు ఇంటిని చుట్టుముట్టారు. చివరికి చావమన్న ఆజ్ఞ వచ్చింది. వీలునామా రాసుకోవడానికి పలకలు తెప్పించమని ఆయన అడిగితే, ఆజ్ఞ తెచ్చిన సైనికాధికారి ఒప్పుకోలేదు. అప్పుడు సెనెకా మిత్రులవైపు తిరిగి, మీకు ప్రత్యుపకారం చేసే వీలు లేకుండా చేశారు కాబట్టి, నాకు మిగిలిన ఒకే ఒక్క ఆస్తిని, అన్నిటికంటే మేలైనదాన్ని, అంటే నా జీవితపు ప్రతిరూపాన్ని, మీకు విడిచి వెళ్తున్నాను అన్నాడట. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చేతి నరాలు కోయించుకున్నారు. వయసు మీదపడి, మితాహారంతో చిక్కిపోయిన ఒళ్లు కావడంతో ఆయన నెత్తురు నెమ్మదిగా కారింది. కాళ్ల నరాలు, మోకాళ్ల వెనుక నరాలు కూడా కోయవలసి వచ్చింది. అంత బాధలోనూ లేఖకులను పిలిపించి చాలాసేపు చెప్పి రాయించాడు. ప్రాణం పోక, చిరకాల మిత్రుడూ వైద్యుడూ అయిన స్టాటియస్ అన్నేయస్ చేత, ముందే సిద్ధంచేసి ఉంచుకున్న విషం తెప్పించుకుని తాగాడు. ఏథెన్సులో మరణశిక్ష పడినవారికి ఇచ్చే విషమే అది, అంటే సోక్రటీసు తాగినదే. అదీ పనిచేయలేదు. అప్పుడు వేడినీళ్లలోకి దిగి, దగ్గరున్న బానిసల మీద ఆ నీళ్లు చల్లుతూ, విముక్తి ప్రదాత అయిన జూపిటర్ దేవుడికి ఇది నా తర్పణం అన్నాడు. చివరికి ఆవిరి స్నానపు గదిలోకి తీసుకువెళితే అక్కడ ఊపిరాడక పోయాడు.

ఈ వరుసను దగ్గర పెట్టుకుని బొమ్మను చూస్తే అది చూపే క్షణం ఏదో తెలుస్తుంది. నరాలు కోసిన తర్వాత, విషం విఫలమైన తర్వాత, ఆవిరి గదికి ముందు, నీళ్లలో నిలబడి మాట్లాడుతున్న క్షణం. టాసిటస్ చెప్పిన మరణంలో ఒక మొండి ఆలస్యం ఉంది. ఒక్కొక్క ఉపాయం విఫలమవుతుంటే చావు వాయిదా పడుతూ వస్తుంది, చూసేవాళ్లకు అది ఎంత భరించరానిదో ఆయన దాచలేదు. బొమ్మ ఆ ఆలస్యాన్నంతటినీ వంగిన మోకాళ్లలో పెట్టింది. గది లేదు, సైనికులు లేరు, వైద్యుడు లేడు, లేఖకులు లేరు. వినేవాళ్లు లేకపోవడంతో ఆయన మాట చూసేవాడి మీద పడుతుంది. ఇది ఈ ముద్రకున్న పెద్ద బలమని నా అభిప్రాయం.

అదే దాని లోటు కూడా అని మా అమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ ఈ పటం ముందు చాలాసేపు నిలబడి, "ఎవర్రా ఈ పెద్దాయన, చలికి వణుకుతున్నట్టున్నాడు?" అని అడిగింది. కథంతా చెప్పాను. నీరో గురించి విన్నప్పుడు ఏమీ అనలేదు. పౌలీనా కూడా చేతులు కోయించుకుందని చెప్పగానే, "మరి ఆవిడేదిరా ఇందులో?" అంది. లేదమ్మా, ఈ బొమ్మలో ఆయనొక్కడే అన్నాను. "ఆయనతోపాటు తనూ పోతానన్న మనిషిని బొమ్మలో నుంచి తీసేశారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. టాసిటస్ ప్రకారం ఆమె బతికింది. ఆమె చావడం నీరోకు ఇష్టం లేకపోవడంతో సైనికుల ఆదేశం మీద బానిసలూ సేవకులూ ఆమె చేతులకు కట్లు కట్టి నెత్తురు ఆపారు. ఆ తర్వాత కొన్నేళ్లు భర్త జ్ఞాపకాన్ని నిలుపుకుంటూ బతికిందని, పోయిన నెత్తురు వల్ల ముఖమూ ఒళ్లూ తెల్లగా పాలిపోయి ఉండేవని ఆయన రాశాడు. అది చదివినప్పుడల్లా ఈ తొట్టి పక్కనున్న ఖాళీ వైపు ఇప్పుడు నా చూపు వెళ్తోంది.

ఈ శరీరం సెనెకాది కాదన్న సంగతి కొనేవారు తెలుసుకోవాలి. రోములో దొరికి, బోర్గీసే వంశం వారి సేకరణకు చేరిన ఒక నల్ల పాలరాతి విగ్రహం దీనికి మూలం. ముందుకు వంగి నిలబడిన ఆ ముసలివాడి విగ్రహాన్ని అప్పటి పండితులు మరణిస్తున్న సెనెకాగా పోల్చుకున్నారు; బాగుచేసినవారు కాళ్ల కింద తొట్టిని చేర్చి ఆ నమ్మకాన్ని గట్టిపరిచారు. 1600 నుంచి 1608 వరకు ఇటలీలో ఉన్న రూబెన్స్ రోములో ఆ విగ్రహాన్ని గీసుకున్నాడు. 18వ శతాబ్దంలో జర్మన్ కళాచరిత్రకారుడు వింకెల్‌మన్ అది సెనెకా అన్న మాటను అనుమానించాడు. ఇప్పుడు దాన్ని ఒక ముసలి జాలరి బొమ్మగా, గ్రీకు శిల్పానికి రోమన్ కాలపు ప్రతిగా గుర్తిస్తున్నారు. 1807లో నెపోలియన్ బోర్గీసే సేకరణలోని ప్రాచీన శిల్పాలను కొన్నప్పుడు అదీ పారిస్‌కు వెళ్లింది, నేటికీ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అంటే నీళ్లలో దిగి చేపలు పట్టే పేదవాడి వంగిన నడుము, రోములో కెల్లా సంపన్నుల్లో ఒకడైన తత్వవేత్త చివరి ఘడియలకు రూపమైంది.

ముఖమూ అంతే. చిక్కిన బుగ్గలు, నుదుటి మీద చెదిరిన జుట్టు, గడ్డం ఉన్న ఒక ప్రాచీన తలను సెనెకాదిగా చాలాకాలం నమ్మారు. అలాంటి తల ఒకటి రూబెన్స్ దగ్గరే ఉండేది. 1813లో రోములో సెనెకా, సోక్రటీసుల తలలు రెండూ వెనుకవైపు అంటుకుని ఉన్న, పేర్లు చెక్కిన ఒక శిల్పం బయటపడింది. ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది. అందులోని సెనెకా నున్నగా గడ్డం గీసుకున్న, బట్టతల, నిండు బుగ్గల పెద్దమనిషి. ఈ సంగతి తెలిసిన మొదటి రోజు నాకు మోసపోయినట్టు అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ నిండు బుగ్గల ముఖం దొరకకపోవడం వల్లనే ఈ బొమ్మ పుట్టిందనిపించింది. మితాహారంతో చిక్కిన ఒళ్లని టాసిటస్ రాసిన మాటను చదువుకున్నవారు దానికి తగిన శరీరాన్ని వెతికారు, జాలరి దొరికాడు. సెనెకా తన ఉత్తరాల్లో పేదరికానికి జంకవద్దని, రోజూ చావుకు సిద్ధపడమని రాశాడు. అదే మనిషికి నాలుగేళ్లలో ముప్పై కోట్ల సెస్టర్సుల (రోమన్ నాణేల) ఆస్తి ఎలా వచ్చిందని ఆయన శత్రువు సుయిలియస్ నిలదీసిన సంగతినీ, నీరో తన తల్లిని చంపించిన తర్వాత దాన్ని సమర్థిస్తూ సెనేట్‌కు వెళ్లిన లేఖ సెనెకా రచనేనని జనం తప్పుపట్టిన సంగతినీ టాసిటస్ నమోదు చేశాడు. ఈ ముద్రలో ఆ సెనెకా లేడు. రాసిన మాటలకు తగిన శరీరం ఉన్న సెనెకా ఉన్నాడు. బొమ్మను గోడకు తగిలించుకునేవారు ఈ రెండో మనిషిని ఇంటికి తెచ్చుకుంటూ మొదటివాణ్ని మరిచిపోకూడదని నా మనవి.

ఇది ఆంట్వెర్ప్ వస్తువు కావడానికి కారణం జస్టస్ లిప్సియస్. లూవెన్ విశ్వవిద్యాలయంలో బోధించిన ఆ పండితుడు సెనెకా రచనలను పరిష్కరించి 1605లో ఇక్కడి ప్లాంటిన్ ముద్రణాలయంలో అచ్చువేయించి, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. మతయుద్ధాలతో దశాబ్దాలు నలిగిన ఈ ప్రాంతంలో, నిబ్బరాన్ని బోధించే సెనెకా ఆయనకూ శిష్యులకూ కేవలం పాఠ్యగ్రంథం కాదు. ఆ శిష్యుల్లో ఒకడు రూబెన్స్‌కు అన్నగారైన ఫిలిప్. ఆయన 1611లో చనిపోయాడు. ఫ్లారెన్సులోని పిట్టి ప్రాసాదంలో ఉన్న ఒక చిత్రంలో రూబెన్స్ తన అన్ననూ, లిప్సియస్‌నూ, మరొక శిష్యుణ్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, తాను వెనుక నిలబడి, వాళ్ల తలల మీదుగా గూటిలో ఆ సెనెకా తలను ఉంచాడు. దాని పక్కన గాజుపాత్రలో నాలుగు తులిప్ పూలు, రెండు విచ్చుకున్నవి, రెండు ముడుచుకున్నవి. పోయినవాళ్లు ఇద్దరు, ఉన్నవాళ్లు ఇద్దరు. అన్న పోయిన నాలుగేళ్లకు వచ్చిన 1615 ముద్రణకు రూబెన్స్ సెనెకా తలనూ, తొట్టిలో నిలబడిన ఈ నిండు ఆకృతినీ సమకూర్చాడంటే, దాన్ని అద్దె పనిగా నేను చూడలేను. ముద్రణాలయం యజమాని బాల్తసార్ మొరేటస్ రూబెన్స్‌కు చిన్ననాటి స్నేహితుడు. చెక్కిన కోర్నెలిస్ గాలెకు అన్నగారైన థియోడోర్ ఆ మొరేటస్ ఇంటి అల్లుడు. స్నేహాలూ చుట్టరికాలూ కలిసిన చిన్న లోకం ఒక పుస్తకం మీద కూడింది. ఆ ముద్రణాలయం భవనం ఇప్పుడు మ్యూజియంగా ఉంది, 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ముద్ర కొన్నా కొనకపోయినా అక్కడికి తప్పక వెళ్లమని చెబుతాను. నేల పలకలు కిర్రుమనే ఆ గదుల్లో పాత ముద్రణ యంత్రాల ముందు నిలబడి, గాజు వెనుక రాగిరేకులను చూసి వచ్చిన తర్వాత నా గోడ మీది కాగితం నాకు ఇంకొకలా కనిపించింది.

ఇక నా ఫిర్యాదు. దుకాణంలో ఇచ్చిన చీటీ మీద "రూబెన్స్ ఎన్‌గ్రేవింగ్, 1615" అని రాసి ఉంది. రూబెన్స్ దీన్ని చెక్కలేదు. ఆధారమైన చిత్రం ఆయనది, చెక్కిన చేయి గాలెది. ఇది చిన్న తేడా కాదు, ఎందుకంటే పైన చెప్పిన పొట్ట మీది గీతల నేర్పు అంతా గాలెదే, అతని పేరే చీటీ మీద లేదు. సంవత్సరం సంగతి ఇంకా పెద్దది. ప్లాంటిన్ ముద్రణాలయం ఈ సంపుటాన్ని 1632లోనూ 1652లోనూ మళ్లీ అచ్చువేసింది, రేకులు ఉన్నాయి కాబట్టి బొమ్మలు మళ్లీ వాడుకుంది. రాగి మెత్తని లోహం. ప్రతులు పెరిగేకొద్దీ సిరా తుడిచే గుడ్డకూ రోలర్ బరువుకూ అరిగి, మొదట సన్న గీతలు బలహీనపడతాయి. ఇంటికి వచ్చాక, గ్రంథాలయాలు అంతర్జాలంలో ఉచితంగా ఉంచిన 1615 ప్రతి చిత్రాన్ని తెర మీద పెద్దది చేసి, నా పత్రాన్ని పక్కన పెట్టుకుని చూశాను. అక్కడ భుజం వెనుక నీడలో రెండు వరసల గీతలు విడివిడిగా, గట్టిగా ఉన్నాయి. నాదాంట్లో రెండో వరస చాలాచోట్ల లేతబడి, కొన్నిచోట్ల అందీ అందనట్టు ఉంది. నాది తర్వాతి ముద్రణల్లో ఒకదానిదని నేను నమ్ముతున్నాను. ఈ సంగతి రాసి అడిగితే, 1615 అనే అందరూ చెబుతారని బదులిచ్చారు తప్ప, ఏ పుస్తకం నుంచి తీశారో చెప్పలేదు. 1652 అని నిజం చెప్పి అమ్మినా నేను సంతోషంగా కొనేవాణ్ని.

ఏ పుస్తకం నుంచి తీశారన్న ప్రశ్న నన్ను ఇంకో రకంగా కూడా బాధిస్తోంది. పూర్తి సంపుటం కంటే అందులోని బొమ్మలను విడదీసి అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుందని, బాగా ఉన్న పాత పుస్తకాల కుట్లు విప్పి పేజీలు చేసే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. అట్ట ఊడి, సగం పేజీలు పోయిన ప్రతి నుంచి మిగిలినదాన్ని కాపాడడం ఒక సంగతి, నిండు పుస్తకాన్ని కోయడం ఇంకొక సంగతి. ఈ బొమ్మ తర్వాత వచ్చే వందల పేజీల సెనెకా మాటల కోసమే దీన్ని చెక్కారు. ఇప్పుడది ఆ మాటలకు దూరమై నా గోడ మీద ఉంది. నేను కొనేముందు అడగలేదు. మీరు తప్పక అడగండి, స్పష్టమైన జవాబు రాకపోతే కొనకండి.

ఇదే విషయం మీద ఇతర ముద్రలు కూడా అమ్మకానికి వస్తుంటాయి. రూబెన్స్ ఇదే ఆకృతిని వాడి వేసిన పెద్ద తైలవర్ణ చిత్రం మ్యూనిక్‌లోని ఆల్టే పినాకోటెక్ చిత్రశాలలో ఉంది. అందులో తొట్టి చుట్టూ వైద్యుడు, సైనికులు, కిందికి వంగి చివరి మాటలు రాసుకుంటున్న యువకుడు ఉన్నారు. ఆ యువకుడు రాస్తున్న లాటిన్ మాట, సుగుణం అనే అర్థమున్న పదం, మూడక్షరాల దగ్గరే ఆగి ఉంటుంది. ఆ నిండు సన్నివేశాన్ని అలెగ్జాండర్ వూట్ చెక్కిన ముద్ర కూడా ఉంది. కథ తెలియనివారికి చూపించాలంటే వూట్ ముద్రే మేలు, ఎవరు ఎవరో సులువుగా అర్థమవుతుంది. గాలె ముద్ర కథ తెలిసినవారిది. ఒకే మనిషితో రోజూ గది పంచుకోవడం నాకు ఇష్టం కాబట్టి నా ఎంపిక మారలేదు.

ఖర్చు వివరాలు కూడా చెప్పాలి. పత్రానికి 180 యూరోలు ఇచ్చాను, పటం కట్టించడానికి మరో 130 అయింది. కట్టించే ఖర్చు దగ్గర పొదుపు చేయవద్దు. ఆమ్లం లేని అట్టనే వాడాలి, కాగితానికి జిగురు గానీ టేపు గానీ నేరుగా తగలకూడదు, కాగితం గాజుకు అంటుకోకుండా మధ్యలో మౌంటు వేయించాలి, అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు దొరికితే అదే పెట్టించాలి. నా పటం కట్టినతను పత్రాన్ని జపాన్ కాగితపు చిన్న పట్టీలతో, అవసరమైతే నీళ్లతో ఊడిపోయే గంజితో నిలబెట్టాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టుకుని చూశాను. ఎండ నేరుగా పడే గోడ పనికిరాదు. మన వైపు తీసుకువెళ్లాలనుకునేవారు ఇంకా జాగ్రత్తపడాలి: విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ల ఉక్కలో పాత కాగితానికి బూజు త్వరగా పడుతుంది, గంజి వాసనకు పుస్తకాల పురుగులు చేరతాయి. బయటి గోడకు కాక లోపలి గోడకు తగిలించి, పటానికీ గోడకూ మధ్య గాలి ఆడేలా చిన్న బిళ్లలు పెట్టించి, వానాకాలంలో ఒకసారి దించి చూసుకుంటే మేలు. అమ్మినవారు పంపేటప్పుడు మాత్రం రెండు గట్టి అట్టల మధ్య, తడి తగలని సంచిలో చక్కగా పంపారు, ఆ విషయంలో లోపం చెప్పలేను.

మరణిస్తున్న మనిషిని ఇంట్లో పెట్టుకోవడమేమిటని అడిగిన స్నేహితులున్నారు. చిన్నపిల్లలున్న ఇంటి ముందు గదికి ఇది తగదనే నేనూ అంటాను, నాది చదువుకునే గదిలో ఉంది. రాత్రి పని ముగించి దీపం ఆర్పబోయేముందు పక్కనుంచి పడే వెలుగులో ఆ రేకు అంచు మెట్టు సన్నని నీడ వేస్తుంది, తెరిచిన నోటి దగ్గరి నాలుగైదు గీతలు బాగా నల్లబడతాయి. లాటిన్ రాకపోయినా సెనెకా ఉత్తరాలు అనువాదంలోనైనా కొన్ని చదివి ఈ ముద్ర కొనండి, అప్పుడు ఆ నోరు ఊరికే తెరిచి ఉండదు.

అమ్మ తిరిగి వెళ్లిన వారం పటాన్ని దించి, దుకాణం వాళ్ల చీటీ తీసేసి, వెనుక అట్ట మీద మెత్తని పెన్సిల్‌తో నాకు తెలిసినంత రాశాను. చెక్కినది కోర్నెలిస్ గాలె, ఆధారం రూబెన్స్, ఆకృతి రోములో దొరికిన ఒక జాలరి విగ్రహానిది, రేకు 1615 నాటిది, ఈ కాగితం బహుశా ఆ తర్వాతది. ఆ వరుస కింద, ఆ గదిలో అప్పుడు ఆయనతోపాటు నరాలు కోయించుకున్న మనిషి పేరు పాంపేయా పౌలీనా అని కూడా రాసి, పటాన్ని మళ్లీ అదే మేకుకు తగిలించాను.